మెడలో గొట్టం ఉండగా చేతికి సూది ఎందుకు?

కవిటి నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: "మా నాన్నగారికి డయాలసిస్ కోసం మెడ దగ్గర గొట్టం పెట్టారు. సీటీ స్కాన్‌కు తీసుకెళ్తే దాన్ని ముట్టుకోకుండా చేతికి మళ్లీ సూది గుచ్చారు. అంత లావు దారి ఉండగా ఇదేం పని?"

ఉద్దానంలో కిడ్నీ జబ్బుల అవస్థ తెలిసినవారికి ఈ ప్రశ్న వింతగా తోచదు. సగం జవాబు ఫిజిక్స్‌లో ఉంది. నాకిష్టమైన సగం అదే.

స్కాన్‌లో రక్తనాళాలు తెల్లగా కనబడాలంటే అయోడిన్ కలిసిన చిక్కటి డై ఎక్కించాలి. ఊపిరితిత్తుల ధమనుల్లో రక్తపు గడ్డ కోసం వెతికేటప్పుడైతే సెకనుకు 4, 5 మిల్లీలీటర్ల వేగం కావాలి. ఇంజెక్టర్ యంత్రమే ఆ వేగంతో నెడుతుంది.

కొబ్బరితోటకు బోరు నీళ్లు పెట్టే రైతును అడగండి. పైపు పొడవు పెంచినా, సన్నం చేసినా చివర ధార తగ్గుతుందని, మోటారు మీద భారం పడుతుందని చెబుతాడు. సన్నని గొట్టాలకు ఆ లెక్క తేల్చినవాడు 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడు ప్వాజోయ్. రక్త ప్రవాహం అర్థం చేసుకోవాలని గాజు గొట్టాలతో ప్రయోగాలు చేశాడు. మనం మాత్రం ఆయన సూత్రాన్ని మార్కుల కోసం బట్టీ పట్టించి, ఆయన వైద్యుడన్న సంగతి చెప్పకుండా వదిలేస్తాం! గొట్టం పొడవు రెట్టింపైతే అదే వేగానికి పీడనం రెట్టింపు కావాలి. వ్యాసార్థం సగమైతే ఏకంగా 16 రెట్లు. (బోరు పైపులో నీరు సుడులు తిరుగుతుంది కనుక అక్కడ ఈ లెక్క అచ్చంగా కుదరదు. సన్నని గొట్టంలో చిక్కటి డైకి బాగానే కుదురుతుంది.)

చేతికి పెట్టే ఆకుపచ్చ కాన్యులా (సూదితో నరంలోకి దింపే చిన్న గొట్టం) సుమారు 4.5 సెంటీమీటర్లు. మెడ నుంచి గుండె దాకా వెళ్లే మామూలు సెంట్రల్ లైన్ 15 నుంచి 20. పైకి లావుగా కనిపించినా దానిలోపల రెండు మూడు దారులు విడివిడిగా ఉంటాయి. ఒక్కో దారి కాన్యులా అంతే సన్నం అనుకున్నా, పొడవు వల్లనే నాలుగు రెట్ల పీడనం. గోడలకు గడ్డ పేరుకుని వ్యాసార్థం పదోవంతు తగ్గిందా, ఇంకో ఒకటిన్నర రెట్లు. డైని శరీర ఉష్ణోగ్రతకు వేడిచేస్తే చిక్కదనం దాదాపు సగమవుతుంది కనుక కొంత ఊరట.

వేడి అంటే గుర్తొచ్చింది. డై ఎక్కగానే ఒళ్లంతా వెచ్చబడినట్టు ఉంటుంది, కాసేపటికి తగ్గిపోతుంది. "వేడి చేసింది, చలువకు కొబ్బరినీళ్లు పట్టండి" అనే పెద్దలుంటారు. డయాలసిస్ రోగికి ఆ పని చేయకండి. కొబ్బరినీళ్లలోని పొటాషియం వారి గుండెకు ప్రమాదం.

అసలు భయం మూసుకున్న కొనతో. డై పారుతున్నంతసేపు పీడనం కొనవైపు తగ్గుతూ పోతుంది. కొన గడ్డతో మూసుకుంటే ప్రవాహం ఆగి, యంత్రం నెట్టే పీడనమంతా గొట్టం పొడవునా సమానంగా పడుతుంది. బలహీనమైన చోట, ఒక్కోసారి ఒంటి లోపలే, పగలవచ్చు. తెగిన ముక్క రక్తంతోపాటు గుండెకో ఊపిరితిత్తికో చేరుతుంది. అందుకే ముందు సిరంజితో లాగి రక్తం వస్తోందా చూస్తారు, సెలైన్ పంపుతారు, కొన ఎక్కడుందో ఎక్స్‌రేలోనో స్కాన్ తొలి చిత్రంలోనో గమనిస్తారు. ఈ ఒత్తిడికే తయారైన గొట్టాలూ ఉన్నాయి. చాలావాటి పరిమితి 300 పీఎస్‌ఐ, అంటే వాతావరణ పీడనానికి 20 రెట్లు. ఎంత వేగం తట్టుకుంటుందో క్లాంపు మీద అచ్చువేసి ఉంటుంది. ఆ గుర్తు లేని గొట్టాన్ని యంత్రానికి తగిలించరు.

మరి డయాలసిస్ గొట్టంలో నిమిషానికి 300 మిల్లీలీటర్ల రక్తం, అంటే సెకనుకు 5, డయాలసిస్ చేసిన ప్రతిసారీ పారుతోంది కదా? నిజమే, దాని దారులు వెడల్పు. కానీ వెచ్చటి డై కూడా రక్తంకన్నా రెండు మూడింతలు చిక్కన. పైగా ఆ దారుల్లో గడ్డకట్టకుండా హెపారిన్ నింపి ఉంచుతారు. లాగి తీసేయకుండా డై నెడితే అదంతా రక్తంలోకి పోతుంది. మూత తెరిచిన ప్రతిసారీ ఇన్ఫెక్షన్ భయం ఒకటి. ఆ గొట్టం పాడైతే మర్నాటి డయాలసిస్ ఆగుతుంది.

అందుకని ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని, సిరను కలిపి చేతిలో చేసే దారి) లేని చేతిని ఎంచుకుని, వీలైతే అరచేతి వెనుక నరానికే సూది పెడతారు. ముంజేతి నరాలు రేపటి ఫిస్టులాకు కావాలి.