ఇంటి పెద్ద ఆమె, పట్టా మామ పేరిట

రేషన్ కార్డు ప్రకారమైతే దాదాపు ప్రతి ఇంటికీ ఆడమనిషే పెద్ద. 18 ఏళ్లు నిండిన పెద్ద మహిళ పేరే రాయాలని 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం చెబుతోంది. అనంతపురం పల్లెల్లో అదే ఇంటి 1-బి (భూమి హక్కుల రికార్డు) తీసి చూడండి, మామ పేరో, ఆయన తండ్రి పేరో కనబడుతుంది. మగదిక్కు లేని కుటుంబాల చిక్కుల్లో సగం అక్కడ మొదలయ్యేవే.

ఈ ఇళ్లు ఒక్క ఏడాదిలో పెరిగినవి కావు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, దాన్ని నమ్ముకుని ఒక్క వేరుశనగే పంట. అది పోయాక బోర్లు, బోర్ల కోసం అప్పులు. 1990ల చివర నుంచి రైతుల ఆత్మహత్యలు. చావని ఇళ్లలో వలస: కదిరి వైపు నుంచి బెంగళూరుకు, కోసిగి, మంత్రాలయం నుంచి గుంటూరు మిరప కోతలకు 'సుగ్గి'కి, రాయచోటి, రాజంపేట నుంచి కువైట్‌కు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది ఊరికే కాదు. దానివల్ల కూలి దొరికింది గానీ చేను దగ్గరి కష్టం అలాగే ఉంది.

గరుసు నేలల్లో వాన పడ్డాక పదును, అంటే విత్తడానికి సరిపడే తడి, మూడు నాలుగు రోజులకు మించి నిలవదు. ఆడవాళ్లు మడక పట్టకూడదన్న కట్టుబాటు ఇంకా ఉంది కాబట్టి సేద్యం, విత్తడం రెండూ బాడుగకే. విత్తే గొర్రు ఉన్నవాడు ముందు తన చేను వేసుకుంటాడు, తర్వాత అన్నదమ్ములది, ఆపైన చేతిలో డబ్బు పెట్టినవాళ్లది. మగదిక్కు లేని ఆమె వంతు వచ్చేసరికి నేల ఆరిపోతుంది. మళ్లీ వాన కోసం కాచుకుని ఆలస్యంగా వేస్తే వేరుశనగ ఊడలు నేలలోకి దిగే వేళకు బెట్ట తగులుతుంది, కాయ నిండదు. ఊళ్లో మాత్రం 'ఆడమనిషి సేద్యం ఇంతే' అంటారు. సబ్సిడీ విత్తనం 30 కిలోల బస్తాకు కూడా పాసుపుస్తకం అడుగుతారు.

భర్త ఆత్మహత్య చేసుకున్న ఇంటికి సాయం 2004 జూన్‌లో 421వ జీవోతో వచ్చింది: లక్ష పరిహారం, అప్పుల పరిష్కారానికి 50 వేలు. 2015లో మొత్తం 5 లక్షలు, 2019లో 7 లక్షలు అయింది. విచారణ ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ సహాయ సంచాలకుల చేతిలో ఉంటుంది. ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక ఎలాగో వస్తాయి. ఫోరెన్సిక్ నివేదిక నెలలు పడుతుంది. అసలు చిక్కు అప్పు రుజువు దగ్గర. ప్రోనోటు వడ్డీ వ్యాపారి పెట్టెలో ఉంటుంది, అతను బయటపెట్టడు. భూమి మామ పేరిట ఉంటే, లేదా గుత్తకు చేసి ఉంటే, చనిపోయినవాడు రైతేనా అన్న ప్రశ్న మళ్లీ మొదటికొస్తుంది. కౌలు కార్డు ఉంటే ఈ ప్రశ్న రాదు. కానీ 2019 చట్టం కింద ఆ కార్డు 11 నెలలకే, అదీ భూయజమాని సంతకం పెడితేనే.

చట్టంలో ఆమె హక్కుకు లోటు లేదు. 1956 హిందూ వారసత్వ చట్టంలో భార్య, పిల్లలు, తల్లి మొదటి తరగతి వారసులు. పంపకాలు నోటిమాటగా జరగడం వల్ల ఆ హక్కు రికార్డుకెక్కదు. పేరు మారాలంటే ముందు మామ మరణ ధ్రువపత్రం కావాలి. మరణం 21 రోజుల్లో నమోదు చేయించాలి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు తేవాలి. పాతికేళ్ల కిందట పోయిన మనిషిది ఎవరు రాయించారు? తర్వాత కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, దానికి బావ, మరుదులు, ఆడబిడ్డల ఒప్పుదల. అక్కడే బేరం మొదలవుతుంది: బోరున్న పొలం చెక్క వాళ్లకు, రాళ్ల చెక్క ఆమెకు. కాబట్టి భర్త మరణం 21 రోజుల్లో రాయించేటప్పుడే మామది, అత్తది కూడా నమోదై ఉందో లేదో పంచాయతీలో అడగడం మేలు.

భర్త వలస పోయి తిరిగిరాని ఇంటిది ఇంకో తిప్పలు. మరణ పత్రం ఉండదు కాబట్టి వితంతు పింఛను రాదు, భూమీ మారదు. ఏడేళ్లపాటు జాడ తెలియకపోతేనే కోర్టు అతను లేడని భావిస్తుంది. ఎప్పుడో ఒకసారి ఫోన్ చేసినా ఆ లెక్కా కుదరదు. అలాంటివాళ్లకు మిగిలేది ఒంటరి మహిళ పింఛను, దానికి విడిగా ఉంటున్నట్టు ధ్రువీకరణ కావాలి. భర్త పేరు అదే రేషన్ కార్డులో ఉన్నంతకాలం ఆ దరఖాస్తు గ్రామ సచివాలయం దాటదు.