సిమెంటుతో రాతి గోడ చెక్కడం: అపోహలు - వాస్తవాలు

సిమెంటు మాలును గోడకు మందంగా పట్టించి, అది పచ్చిగా ఉండగానే రాళ్లు, దర్జులు (రాళ్ల మధ్య అతుకు సందులు), బీటలు కనిపించేలా చేతితో చెక్కే పనికి ఇప్పుడు రిసార్టులలోనూ, ఇళ్ల ప్రహరీలకూ గిరాకీ ఉంది. నేర్చుకోవడానికి వచ్చేవారిలో తాపీ మేస్త్రీలూ ఉంటారు, చిత్రకళ చదివినవారూ ఉంటారు. విచిత్రమేమంటే వారు భయపడేది ఒకదానికి, పని చెడేది మరొకదానివల్ల.

అపోహ: దీనికొక రహస్య మిశ్రమం ఉంటుంది, అది తెలిస్తే పని వచ్చేసినట్లే.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. 19వ శతాబ్దపు ఇంగ్లండులో కృత్రిమ శిలలు కట్టిన పుల్హామ్ కుటుంబం తమ మిశ్రమాన్ని గుట్టుగానే ఉంచింది. 1930లలో అమెరికాలోని మెంఫిస్‌లో ఒక శ్మశానవాటికలో సిమెంటుతో గుహను తీర్చిన మెక్సికో కళాకారుడు డియొనిసియో రోడ్రిగెజ్ కూడా తన పాళ్లను బయటపెట్టేవాడు కాదు. అయితే పుల్హామ్‌ల శిలల లోపల ఉండేవి ఇటుక ముక్కలూ రాతి తుక్కూ, పైన ఉండేది సిమెంటు పూత. లండన్‌లోని బాటర్‌సీ పార్కులో ఆ శిలలు చూసినవారిని నమ్మించినది పూత మీద పొరలనూ బీటలనూ తీర్చిన తీరే. మన పనికి ఒక పాలు సిమెంటు, మూడు పాళ్లు జల్లించిన ఇసుక, సాగుదల కోసం కొద్దిగా సున్నం, పగుళ్లు తగ్గడానికి కొంచెం పాలీప్రొపిలీన్ పీచు సరిపోతాయి. గట్టిదనం కోసమని సిమెంటు పెంచితే ఆరేటప్పుడు మాలు ఎక్కువగా ముడుచుకుని, ఎవరూ చెక్కని సన్నని పగుళ్లు గోడంతా పాకుతాయి.

అపోహ: సిమెంటు గట్టిపడిన తర్వాత ఉలితో చెక్కాలి.

కొత్తవారిని అన్నిటికన్నా ఎక్కువగా దారి తప్పించేది ఇదే. భారతీయ ప్రమాణాల ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు 30 నిమిషాలలోపు బిగుసుకోవడం మొదలుపెట్టకూడదు, 600 నిమిషాలలోపు ఆ ప్రక్రియ పూర్తి కావాలి. అవి ప్రయోగశాలలో కొలిచే హద్దులు. గోడ మీద మనకు దొరికే వ్యవధి ఎండను బట్టి, గాలిని బట్టి, గోడ ఎంత నీరు పీల్చుకుంటుందన్న దానిని బట్టి మారిపోతుంది కాబట్టి గడియారం కన్నా తాపీ అంచునే నమ్మాలి. అంచుతో మెల్లగా గీసి చూసినప్పుడు మాలు జిగటగా సాగి ఇనుముకు అంటుకుంటే ఇంకా ఆగాలి. గీసినచోట రవ్వరవ్వగా విడిపోయి కిందికి రాలుతూ, గాడి అంచులు కొద్దిగా గరుకుగా నిలబడితే అదే అదను. తెల్లని గీత మాత్రమే పడి పొడి లేస్తే ఆలస్యమైనట్లే, అప్పుడు నీళ్లు చల్లి మెత్తబరచాలని చూస్తే పైపొర బలహీనపడుతుంది తప్ప ఫలితం ఉండదు.

ఈ అదను వచ్చేలోపు చేతులు కట్టుకుని కూర్చోవాలని కాదు. మెత్తగా ఉన్నప్పుడే దర్జులను స్థూలంగా గుర్తించుకుని, అదను రాగానే వాటిని లోతుగా తీసి, తర్వాత రాళ్ల అంచులను అక్కడక్కడ విరిచి, చివరికి బ్రష్షుతోనో నలిపిన ఫాయిల్‌తోనో పైతలానికి గరుకుదనం ఇవ్వాలి. వేసవిలో నీడ పడే వైపు నుంచి మొదలుపెట్టడం, ఆ పూట చెక్కగలిగినంత మేరకే మాలు పట్టించడం, ఎక్కడ ఆగినా దర్జు దగ్గరే ఆగడం తప్పనిసరి. ఒక రాయి నడుమ ఆపితే మర్నాటి అతుకు ఎంత రంగు పూసినా దాగదు.

అపోహ: బొమ్మలు గీయడం వచ్చినవారికే ఇది సాధ్యం.

గీత కన్నా చూపు ముఖ్యం. హైదరాబాదు చుట్టుపక్కల ఉన్న గ్రానైటు గుండ్లు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. అవి మూలలు అరిగి, ఉల్లిపొరల్లా పైపొరలు ఊడి గుండ్రబడ్డాయి. గండికోట దగ్గర పెన్నా లోయ గోడలను చూస్తే పొరలు అడ్డంగా పరుచుకుని, వాటిని నిలువు బీటలు కోయడం వల్ల రాళ్లు కోణాలు తేలి, మెట్లు మెట్లుగా నిలిచి ఉంటాయి. తాండూరు నాపరాళ్లు పలుచని బల్లపరుపు పలకలు. గుండ్రని గుండు పక్కన పలకల అంచు చెక్కినవారికి అందులో తప్పు కనిపించకపోవచ్చు గాని, భూగర్భశాస్త్రం ఒక్క ముక్క చదవనివారు కూడా ఆ గోడను చూసి ఏదో కుదరలేదంటారు. పేర్చిన రాళ్ల గోడను చెక్కేటప్పుడు కూడా రాతికట్టు పద్ధతినే పాటించాలి, అంటే నిలువు దర్జు మీద నిలువు దర్జు పడకూడదు, పెద్ద రాళ్లు మూలల్లోనూ కింది వరుసల్లోనూ ఉండాలి. ఈ నియమం తెలిసిన పాత మేస్త్రీల పని చాలాసార్లు చిత్రకారుల పనికన్నా సహజంగా వస్తుంది.

అపోహ: ఏ గోడ మీదైనా పట్టించవచ్చు.

అంగుళంన్నర మందాన 100 చదరపు అడుగులకు పట్టించిన మాలు బరువు సుమారు ముప్పావు టన్ను ఉంటుంది. రంగు వేసిన నున్నని గోడ ఆ బరువును మోయదు. రంగు గీకి, గాట్లు పెట్టి, జాలీని మేకులతో బిగించి, గోడను తడిపి, నీళ్లలో పలుచగా కలిపిన సిమెంటు పూసిన తర్వాతే మాలు వేయాలి. జిప్సం బోర్డు మీద అసలే వద్దు. చవుడు పట్టిన గోడను రాతి పనితో కప్పేద్దామని కొందరు యజమానులు అడుగుతారు. చెమ్మ వచ్చే దారి మూయకుండా ఆ పని ఒప్పుకోకపోవడమే మంచిది.

అపోహ: సిమెంటు చేతికి ఏమీ చేయదు.

తడి సిమెంటు తీవ్రమైన క్షారం, చర్మాన్ని కాలుస్తుంది. రబ్బరు తొడుగులు వేసుకోవాలి. పొడి గీకేటప్పుడు, ఇసుక జల్లించేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పదు, ఎందుకంటే సిలికా ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది.

అపోహ: చెక్కడం అయ్యాక రంగు పూసేస్తే పని పూర్తయినట్లే.

మధ్యలో కనీసం 7 రోజుల తడుపు ఉంది. మొదటి రోజు పైపుతో నీళ్లు కొడితే సన్నని అంచులు కొట్టుకుపోతాయి కాబట్టి చేతి స్ప్రేయరుతో తుంపరగా చల్లి, ఆ తర్వాత తడి గోనె పట్టాలు కప్పాలి. రంగు విషయంలో, మాలులోనే ఐరన్ ఆక్సైడ్ కలపడం తప్పు కాదు గాని, అది ఇచ్చేది ఒక్క నేపథ్యపు రంగునే. దర్జుల్లో ముదురుగా, ఉబ్బెత్తు భాగాల్లో లేతగా, నీరు జారే దారిలో నల్లటి చారగా పలుచని పూతలు ఒకదాని మీద ఒకటి వేస్తేనే రాయి రంగు పలుకుతుంది. ప్రతి పూతనూ ముందు ఒక మూల వేసి, పూర్తిగా ఆరిన తర్వాతే నిర్ణయించుకోవాలి, ఎందుకంటే తడిలో కనిపించిన ముదురుదనం ఆరితే చాలావరకు తగ్గిపోతుంది.