చివరి పది మీటర్లు

ఒక నల్లని ప్లాస్టిక్ బకెట్. అందులో కొన్ని పుస్తకాలు, వీడియోలు, సాఫ్ట్‌వేర్, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా. 2000 మే 3న డేవ్ ఉల్మర్ అనే అమెరికన్, ఒరెగాన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్‌కు దగ్గర్లోని బీవర్‌క్రీక్ వద్ద, చెట్ల మధ్య ఆ బకెట్‌ను కొంత పాతిపెట్టి వెళ్లాడు. ఇంటికి చేరి, ఆ చోటు ఎక్కడో ఇంటర్నెట్‌లో అందరికీ చెప్పేశాడు: 45 డిగ్రీల 17.460 నిమిషాల ఉత్తర అక్షాంశం, 122 డిగ్రీల 24.800 నిమిషాల పశ్చిమ రేఖాంశం. ఒక వస్తువు తీసుకోండి, బదులుగా ఒక వస్తువు పెట్టండి అన్నాడు. మూడు రోజుల్లోపే మైక్ టీగ్ అనే ఆయన దాన్ని కనిపెట్టాడు. గుప్తనిధి అనగానే పాత గుళ్లలో అర్ధరాత్రి తవ్వకాల వార్తలు గుర్తొచ్చే మనకు, దాచినవాడే చిరునామా ఇచ్చిన ఈ నిధి కొత్తగా తోస్తుంది. ఇలా దాచినవాటిని జీపీఎస్ పరికరంతో వెతికే ఈ ఆటకు జియోకాషింగ్ అనే పేరు ఆ నెలాఖరుకే ప్రతిపాదనకు వచ్చింది.

బకెట్ దాచిన తేదీలోనే అసలు కథ ఉంది. అంతకు రెండు రోజుల ముందు, మే 1 అర్ధరాత్రి వరకు, అమెరికా సైన్యం జీపీఎస్ సంకేతాల్లో కావాలనే కొంత తప్పు కలిపి పౌరులకు అందించేది. మనం ఉన్న చోటుకూ రిసీవర్ చూపే చోటుకూ 100 మీటర్ల దాకా తేడా ఉండేది. అధ్యక్షుడు క్లింటన్ ఆదేశంతో ఆ కల్తీ ఆగిపోయి, తేడా పదీ ఇరవై మీటర్లకు దిగింది. 100 మీటర్ల వ్యాసార్థంతో గీసిన వలయం వైశాల్యం దాదాపు ఏడు ముప్పావు ఎకరాలు. 10 మీటర్లయితే ఏడు ముప్పావు సెంట్లు. ఎకరాల అడవిలో బకెట్‌ను వెతకడానికి, ఇంటి స్థలమంత జాగాలో వెతకడానికి ఎంత తేడానో భూమి కొలతలు తెలిసినవారికి వివరించనక్కర్లేదు.

జీపీఎస్ కొలిచేది దూరాన్ని అనుకుంటాం. నిజానికి అది కొలిచేది కాలాన్ని. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తమ అణుగడియారాల్లో వేళ ఎంతైందో, తాము ఎక్కడున్నాయో రేడియో తరంగాల్లో చెబుతూనే ఉంటాయి. ఆ మాట మన చేతిలోని పరికరాన్ని చేరడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఆ ఆలస్యాన్ని కాంతి వేగంతో గుణిస్తే ఉపగ్రహం దూరం వస్తుంది. మూడు దూరాలతో చోటు తేలుతుంది. అయితే మన పరికరంలో ఉన్నది చవక గడియారం, దాని తప్పును కూడా లెక్క తేల్చాలి కనుక నాలుగో ఉపగ్రహం కావాలి. ఇక్కడ సెకనులో పది లక్షల్లో ఒక వంతు పొరపాటు కూడా 300 మీటర్లతో సమానం. సాపేక్ష సిద్ధాంతం ప్రకారం ఆ ఎత్తులోని గడియారాలు మన గడియారాల కన్నా రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. ఆ కొద్ది వ్యవధిలో కాంతి 11 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. అందుకే ఆ తేడాను ముందే లెక్కగట్టి ఆ గడియారాలను సరిచేసి పంపుతారు. ఐన్‌స్టీన్ కాగితం మీద చేసిన లెక్క ఒక బీన్స్ డబ్బాను వెతకడానికి పనికొచ్చిందని తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇంత పకడ్బందీ లెక్క అడవిలోకి వచ్చేసరికి తడబడుతుంది. ఒక బల్బు వెలిగించేపాటి శక్తితో బయలుదేరిన సంకేతం నేలకు చేరేసరికి అత్యంత బలహీనమవుతుంది. ఒరెగాన్ పశ్చిమ భాగంలో డగ్లస్ ఫర్ చెట్లు ఆకాశాన్ని కప్పేసినట్టు పెరుగుతాయి. వానకు తడిసిన కొమ్మలు, నీరు నిండిన లావాటి మొదళ్లు ఆ కాస్త సంకేతాన్నీ పీల్చేస్తాయి. లోతైన లోయల్లో మరో చిక్కు ఉంది. అక్కడ సంకేతం నేరుగా రాకుండా రాతిగోడకు తగిలి వస్తుంది. ఆ చుట్టుదారి 30 మీటర్లు ఎక్కువైతే, ఉపగ్రహం 30 మీటర్లు దూరం జరిగిందని పరికరం నమ్ముతుంది. పైగా లోయలో నిలబడితే నడినెత్తిన ఉన్న ఉపగ్రహాలే కనిపిస్తాయి. నాలుగు దిక్కులా పరుచుకున్న ఉపగ్రహాలు ఇచ్చే కచ్చితత్వం ఒకేచోట గుమిగూడినవి ఇవ్వలేవు.

మన దేశంలో ఇంకొక అడ్డంకి ఉంది. భూ అయస్కాంత మధ్యరేఖ దక్షిణ భారతం కొస మీదుగా పోతుంది. అందుచేత పై వాతావరణంలోని అయనోస్ఫియర్ అనే పొర మన ప్రాంతాల్లో తీవ్రంగా మారుతూ సంకేతాలను ఆలస్యం చేస్తుంది. ఒకే ఉపగ్రహం నుంచి రెండు వేర్వేరు పౌనఃపున్యాల్లో వచ్చే సంకేతాలను పోల్చితే ఆ ఆలస్యం ఎంతో తేల్చవచ్చు. శ్రీహరికోట నుంచి 2013లో తొలి ఉపగ్రహాన్ని పంపిన మన నావిక్‌ను, అంటే జీపీఎస్ లాంటి మన సొంత వ్యవస్థను, రెండు పౌనఃపున్యాలతో రూపొందించారు.

ఈ ఆటలో కష్టాన్ని రెండు రకాలుగా కొలుస్తారు: దాచిన తీరుకు ఒకటి నుంచి ఐదు నక్షత్రాలు, నేల తీరుకు మళ్లీ ఒకటి నుంచి ఐదు. నేలకు ఐదు నక్షత్రాలు ఉన్నాయంటే పడవో, కొండలెక్కే తాళ్లో కావాలన్నమాట. కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఈ నేల విషయంలోనే. గమ్యం 400 మీటర్లే అని తెర చెబుతుంది. అది గాలిలో గీత గీస్తే వచ్చే దూరం. మధ్యలో ఏరు ఉందో, నిట్టనిలువు చరియ ఉందో ఆ అంకెకు తెలియదు. దాన్ని నమ్మి పొద్దువాలే వేళ అడ్డదారిన పడటం ప్రాణాల మీదికి తెస్తుంది. ఎత్తుపల్లాల గీతలున్న కాగితపు పటం సంచిలో ఉండి తీరాలని నేను గట్టిగా అంటాను.

పటంతో పాటు దిక్సూచి ఉన్నా ఒక సంగతి తెలిసి ఉండాలి. దిక్సూచి ముల్లు అసలైన ఉత్తరాన్ని చూపదు, అయస్కాంత ఉత్తరాన్ని చూపుతుంది. మన తెలుగు ప్రాంతాల్లో ఆ తేడా చాలా స్వల్పం, పట్టించుకోకపోయినా నడిచిపోతుంది. పోర్ట్‌లాండ్ ప్రాంతంలో అది దాదాపు 15 డిగ్రీలు. సరిదిద్దుకోకుండా ఒక కిలోమీటరు నడిస్తే గమ్యానికి 260 మీటర్లు పక్కకు తేలతాం.

అన్నీ దాటుకుని తెర మీద అంకె పదికి దిగాక అసలు వెతుకులాట మొదలవుతుంది. అక్షాంశంలో నిమిషానికి మూడో దశాంశ స్థానంలోని ఒక అంకె అంటే నేల మీద 1.85 మీటర్లు. రాసిచ్చిన అంకె అంత సూక్ష్మంగా ఉన్నా, దాచినవారి పరికరంలో ఐదు మీటర్ల తప్పు, వెతికేవారి పరికరంలో ఐదు మీటర్ల తప్పు కలిసి పది మీటర్ల దాకా పోవచ్చు. పైగా నిలబడిపోతే, దిక్సూచి లేని పరికరంలో గమ్యం వైపు చూపే బాణం గిర్రున తిరుగుతుంది. కదలికను బట్టి తప్ప దిశను తెలుసుకునే మార్గం దానికి లేదు. అనుభవజ్ఞులు కాస్త వెనక్కి వెళ్లి, బాణం చూపిన వైపు ఒకే వేగంతో నడిచి, ఆ వరసలో కనిపించిన చెట్టును గుర్తుపెట్టుకుంటారు. తర్వాత మరో వైపు నుంచి అలాగే వస్తారు. రెండు దారులు కలిసిన చోట పరికరాన్ని జేబులో పెట్టేస్తారు.

అక్కడి నుంచి పని కళ్లది. అడవి తనంతట తాను చేయని పనిని వెతకాలి. మోడు పక్కన ఒకే పొడవున పేర్చినట్టున్న కట్టెలు, నాచు పెరగని రాయి, చుట్టూ ఉన్నదానికన్నా పొడిగా ఉన్న ఆకుల కుప్ప. అలాగని కనిపించిన ప్రతి రాయినీ పెకలించడం, నాచును చీల్చడం తగదు. పది మంది ఒకే చోట తొక్కితే కొత్త కాలిబాట పడుతుంది. అమెరికా జాతీయ ఉద్యానవనాల్లో డబ్బాలు దాచడాన్ని సాధారణంగా అనుమతించకపోవడం నా దృష్టిలో సరైన నిర్ణయమే. అటువంటి చోట్లకు సరిపోయే ఎర్త్‌కాష్‌ను 2004లో అమెరికా భూవిజ్ఞాన సంఘం మొదలుపెట్టింది. అందులో డబ్బా ఉండదు. ఆ చోట రాతి పొరలను చూసి ప్రశ్నలకు జవాబు రాయాలి.

డబ్బా దొరికితే లోపలి చిన్న పుస్తకంలో పేరు, తేదీ రాసి, మూత బిగించి, తీసిన చోటే పెట్టాలి. మరింత భద్రంగా ఉంటుందని మూడు మీటర్ల అవతలి తొర్రలోకి మార్చినా, రేపు వచ్చేవారి పది మీటర్ల వలయం ఇంకో మూడు మీటర్లు పెరుగుతుంది.