నాన్-లెథల్ అంటే ఎవరూ చావరనా? మా ఫీల్డ్ మీద అపోహలు - వాస్తవాలు

నేను ఉండేది వర్జీనియాలో. అమెరికా ప్రభుత్వం డబ్బిచ్చి బయటి కంపెనీలతో, యూనివర్సిటీలతో చేయించే నాన్-లెథల్ రీసెర్చ్ కాంట్రాక్టుల్ని దగ్గరుండి చూసుకోవడం నా పని, నాన్-లెథల్ అంటే మనిషిని చంపకుండా ఆపే ఆయుధాలు, పద్ధతులన్నమాట. మనవాళ్ల ఇళ్లలో ఏ ఫంక్షన్‌కెళ్లినా ఇవే ప్రశ్నలు అడుగుతున్నారని ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: నాన్-లెథల్ ఆయుధంతో ఎవరూ చావరు.

వాస్తవం: పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) 1996లో ఇచ్చిన పాలసీలోనే ఉంది, చావులూ శాశ్వత గాయాలూ వీలైనంత తగ్గేలా తయారు చెయ్యాలి గానీ ఆ అవకాశం సున్నా అయి తీరాలని లేదు అని. 2016లో కశ్మీర్‌లో పెల్లెట్లు తగిలి కళ్లు పోగొట్టుకున్నవాళ్లని మనమంతా టీవీలో చూశాం, వాటినీ ప్రాణం తియ్యనివి అనే కదా వాడింది. పేరు వినగానే వాడేవాడికి జంకు పోతుంది, నా భయమంతా అదే.

ఒకసారి ఒక కాంట్రాక్టర్ స్పాంజ్ గుళ్ల (ముందు భాగం మెత్తగా ఉండే తుపాకీ గుళ్లు) టెస్ట్ రిపోర్ట్ పంపాడు, సగటు చూస్తే తొడకి గురిపెడితే తొడకే తగులుతోంది, అంతా బాగానే ఉంది. నేను ఒక్కో షాట్‌దీ విడివిడిగా లెక్క కావాలన్నాను, రెండు వారాలు నాన్చి పంపారు, చూస్తే దగ్గర్నుంచి కొట్టిన వరసలో రెండు గుళ్లు గురి కోసం నిలబెట్టిన మనిషి బొమ్మ ఛాతీకి తగిలాయి, వాటి పక్కన "షూటర్ పొరపాటు" అని రాసి సగటులోంచి తీసేశారు. రేపు రోడ్డు మీద కాల్చేవాడూ మనిషే కదండీ, వాడి చెయ్యి వణకదా, ఎదుటివాడు కిందికి వంగడా? ఆ రెండూ లెక్కలో కలిపేదాకా ఆ రిపోర్ట్ తీసుకోలేదు.

అపోహ: మత్తు గ్యాస్ వదిలితే అందరూ నిద్రపోతారు, తర్వాత లేస్తారు.

వాస్తవం: నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. ఆపరేషన్ థియేటర్‌లో ఒక్క పేషెంట్‌కి మత్తిస్తేనే మత్తు డాక్టర్ బరువు చూసి డోసు లెక్కకట్టి, ఊపిరి గమనిస్తూ చివరిదాకా పక్కనే ఉంటారు. హాలు నిండా జనం ఉన్నచోట ఒకడు గ్యాస్ వచ్చే గొట్టం పక్కనే ఉంటాడు, ఇంకొకడు దూరంగా మూలన ఉంటాడు, ఒకరు చిన్నపిల్ల, ఒకరు ఆస్తమా ఉన్న ముసలాయన, అందరికీ ఒకే డోసు ఎలా అందుతుంది? 2002 అక్టోబర్‌లో మాస్కో థియేటర్‌లో జనాన్ని మిలిటెంట్లు బందీలుగా పట్టుకుంటే రష్యా వాళ్లు ఫెంటనిల్ (చాలా బలమైన మత్తుమందు) జాతి మందు వదిలారు, 800 మందికి పైగా ఉన్న బందీల్లో దాదాపు 130 మంది చనిపోయారు, అందులో ఎక్కువమంది ఆ గ్యాస్ వల్లే. ఏ మందు వాడారో డాక్టర్లకి ముందు చెప్పలేదు, స్పృహ లేనివాళ్లని వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి పడి ఊపిరి ఆగిపోయింది. 2021లో రసాయన ఆయుధాల ఒప్పందంలోని దేశాలు మెజారిటీ ఓటుతో ఇలాంటి మందుల్ని గాల్లో చల్లడం పోలీసు పనికి కూడా కుదరదని తేల్చాయి. నా వరకు ఇది ఎప్పుడో రావాల్సిన నిర్ణయం.

అపోహ: గవర్నమెంట్ తరఫున ఉన్నావు కాబట్టి నువ్వు చెప్పిందే జరుగుతుంది.

వాస్తవం: కాంట్రాక్ట్‌లో ఒక్క అక్షరం మార్చాలన్నా ప్రభుత్వం తరఫున సంతకం పెట్టే అధికారమున్న కాంట్రాక్టింగ్ ఆఫీసరే మార్చాలి, నేను ఫోన్లో "ఇంకో టెస్ట్ చెయ్యండి" అన్నా తప్పే.

అపోహ: చెప్పకుండా మనుషుల మీద ప్రయోగాలు చేస్తారు.

వాస్తవం: ఒకప్పుడు చేశారు, కాదనను. మేరీల్యాండ్‌లోని ఎడ్జ్‌వుడ్‌లో 1955 నుంచి 1975 దాకా దాదాపు 7 వేల మంది సైనికుల మీద నెర్వ్ ఏజెంట్లు (నరాల్ని దెబ్బతీసే విషాలు), ఎల్ఎస్‌డీ, బీజెడ్ (మతి తప్పించే మందు) లాంటివి ప్రయోగించారు, వాలంటీర్లే అన్నారు గానీ ఏమిస్తున్నారో సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు ఎథిక్స్ కమిటీ ఒప్పుకుని, ఆపైన రక్షణ శాఖ మనిషి విడిగా చూసి సరేనని రాసిచ్చేదాకా కాంట్రాక్టర్ ఒక్క వాలంటీర్‌ని కూడా ముట్టుకోకూడదు. అయినా ప్రమాదం పూర్తిగా పోదు: 95 గిగాహెర్ట్జ్ కిరణంతో (మైక్రోవేవ్ లాంటిది) ఒళ్లు మండించి జనాన్ని వెనక్కి పంపే యంత్రం ఉంది, ఆ కిరణం చర్మంలో అర మిల్లీమీటర్ కూడా లోపలికి పోదు, వాలంటీర్ల మీద 10 వేలసార్లకు పైగా పరీక్షించారు, అయినా 2007లో ఒక ఎయిర్‌మన్‌కి (వైమానిక దళం సైనికుడికి) సెకండ్ డిగ్రీ (బొబ్బలెక్కే) కాలిన గాయాలయ్యాయి.

అందుకే నేను సమ్మతి పత్రం లైను లైను చదువుతా. ఈమధ్య ఒకదాంట్లో "కొద్దిపాటి అసౌకర్యం కలగవచ్చు" అని ఉంది. అది కొట్టేసి "బొబ్బలు రావచ్చు, మచ్చ మిగిలిపోవచ్చు" అని రాయమని అడిగాను. మూడు మీటింగులయ్యాక రాశారు, ఆ తర్వాత ఇద్దరు వాలంటీర్లు చదివి వద్దని వెళ్లిపోయారు.