చాందా ఎండల్లో నైట్రస్ సిలిండరు

మే నెలలో మహారాష్ట్రలోని చంద్రపూర్ (పాత పేరు చాందా), బల్లార్షా, రాజురాలలో ఎండ 45 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. బొగ్గు గనుల్లో, సిమెంటు కర్మాగారాల్లో పనిచేస్తూ ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ వేడికి ఏనాడో అలవాటు పడ్డాయి. కారు ఇంజను బలం పెంచడానికి సిలిండరులో ద్రవంగా నింపి వాడే నైట్రస్ ఆక్సైడ్ వాయువు మాత్రం అలవాటు పడదు. 36.4 డిగ్రీలు దాటితే ఎంత నొక్కిపెట్టినా అది ద్రవంగా నిలవదు. మామూలు కారుకు నైట్రస్ తగిలిస్తే ఎలా ఉంటుందని ఇక్కడి కుర్రవాళ్లు అడిగినప్పుడు నేను ముందుగా చెప్పేది ఈ అంకే. ఎన్ని గుర్రాల బలం పెరుగుతుందన్నది తర్వాతి మాట.

సినిమా తెర మీద మీట నొక్కగానే నీలి మంటలు ఎగజిమ్మడం చూసి, నైట్రస్ అంటే పెట్రోలుకన్నా ఘాటైన ఇంధనమని చాలామంది అనుకుంటారు. అది అసలు మండదు. పక్కనున్న దాన్ని మండిస్తుంది. ఇంజను బలానికి హద్దు గీసేది గాలి: ఒక్కో విడతలో ఇంజను సిలిండరులోకి ఎంత ఆక్సిజన్ చేరితే అంత పెట్రోలే కాలుతుంది. గాలి బరువులో ఆక్సిజన్ 23 శాతం, నైట్రస్ బరువులో 36 శాతం. సుమారు 300 డిగ్రీల దగ్గర ఈ అణువు విడిపోవడం మొదలై, ఆక్సిజన్‌తో పాటు కొంత వేడిని కూడా వదులుతుంది. 1772లో ప్రీస్ట్లీ కనుగొన్న ఈ వాయువును 1844లో హొరేస్ వెల్స్ పంటి వైద్యంలో మత్తుకు వాడాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పలుచని గాలిలో ఎగిరే యుద్ధ విమానాల ఇంజన్లకు జర్మన్లు దీన్నే పట్టించారు.

ఇప్పుడు 85 గుర్రాల బలమున్న 1.2 లీటర్ల పెట్రోలు కారును తీసుకుందాం. నిమిషానికి 6,000 చుట్ల వద్ద అది సెకనుకు దాదాపు 60 గ్రాముల గాలి పీలుస్తుంది. అందులో ఆక్సిజన్ 14 గ్రాములు, దానికి తగిన పెట్రోలు 4 గ్రాములు. బలాన్ని నాలుగో వంతు పెంచాలంటే సెకనుకు 10 గ్రాముల నైట్రస్ చాలు. అయితే దాని వెంట మరో గ్రాము పెట్రోలు వెళ్లి తీరాలి. ఇంజన్లు పాడయ్యేది చాలాసార్లు ఈ ఒక్క గ్రాము దగ్గరే. పంపు పాతబడినా, ఫిల్టరు సగం మూసుకుపోయినా ఆ గ్రాము అందదు, ఆక్సిజన్ మాత్రం ఆగకుండా వస్తూనే ఉంటుంది.

అప్పుడు ఏమవుతుంది? లోపల కాలే వాయువుల వేడి 2,000 డిగ్రీలకు పైమాటే. పిస్టన్‌కు వాడే అల్యూమినియం మిశ్రమ లోహం 600 డిగ్రీల లోపే కరగడం మొదలవుతుంది. అయినా రోజూ కరగకుండా ఎలా బతుకుతోందంటే, దాని తలను అంటుకుని ఉండే పలుచని వాయుపొర వేడిని అడ్డుకుంటుంది, అందిన వేడిని రింగులూ ఆయిలూ లాగేస్తుంటాయి. మిశ్రమంలో పెట్రోలు తగ్గి వేడి హెచ్చితే, ప్లగ్గు అంటించిన మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తానే పేలుతుంది. మెకానిక్కులు నాకింగ్ అనేది దీన్నే. ఆ పేలుడు అలలు ఆ పలుచని పొరను చెరిపేస్తాయి. పిస్టన్ అంచు కరగడానికి ఎక్కువసేపు పట్టదు. ఆపైన ఇంజను సిలిండరును బోరు చేయించడంతో (గోడను కాస్త తొలిపించి నునుపు చేయించడంతో) సరిపెట్టుకోవాలి, అదీ దాని పైమూత అయిన హెడ్డు బాగుంటేనే.

అందుకే నైట్రస్ కొనేముందు పెట్రోలు ఒత్తిడి చూసే స్విచ్చు కొనమంటాను. ఒత్తిడి పడిపోయిన క్షణంలో నైట్రస్ వాల్వును అది మూసేస్తుంది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కితేనే, అదీ 3,000 చుట్లు దాటాకనే వాల్వు తెరుచుకునే ఏర్పాటు కూడా తప్పనిసరి. జెట్ (కొలత ప్రకారం వదిలే సన్నని రంధ్రం) గుండా వచ్చే నైట్రస్ చుట్లను బట్టి మారదు. సెకనుకు అదే 10 గ్రాములు. 2,000 చుట్ల వద్ద ఇంజను పీల్చే గాలి మూడో వంతే కాబట్టి, ఒక్కో విడతలో పడే నైట్రస్ మూడింతలవుతుంది. పిస్టన్లను క్రాంకు ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్లు వంగేది అక్కడే. ఆక్సిజన్ ఎక్కువైతే మంట వేగంగా పాకుతుంది గనుక ప్లగ్గు వెలిగే సమయాన్ని కాస్త ఆలస్యం చేయాలి: 50 గుర్రాల పెంపుకు క్రాంకు తిరిగే కోణంలో 2 డిగ్రీల చొప్పున అన్నది వాడుకలో ఉన్న లెక్క. వేడిని త్వరగా వదిలే రకం ప్లగ్గులు, నాకింగ్‌ను తట్టుకునే, ఎక్కువ ఆక్టేన్ ఉన్న పెట్రోలు కూడా అవసరం. ఏ భాగమూ మార్చని ఇంజనుకు నాలుగో వంతుకు మించి ఆశపడకపోవడం మంచిదని నా అభిప్రాయం. చిన్న టర్బో ఇంజన్ల జోలికైతే అసలు వెళ్లను.

ఇక ఎండ సంగతి. వంటింటి గ్యాసు బండలాగే, నైట్రస్ సిలిండరులో ద్రవం ఉన్నంతసేపు లోపలి ఒత్తిడిని నిర్ణయించేది ఉష్ణోగ్రతే. 10 డిగ్రీల వద్ద 40 బార్లు (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 40 రెట్లు), 20 వద్ద 50, 36 దగ్గర 72. డిసెంబరు తెల్లవారుజామున జెట్లు సరిచూసుకుని, మధ్యాహ్నం ఎండెక్కాక అదే అమరికతో పరుగు తీస్తే నైట్రస్ పెరుగుతుంది, పెట్రోలు పెరగదు. వేసవిలో ఇబ్బంది వేరు. తలుపులు మూసి ఎండలో నిలిపిన కారులో వేడి 60 డిగ్రీలకు చేరుతుంది. నిండు సిలిండరులో వ్యాకోచానికి చోటుండదు కనుక ఒత్తిడి 100 బార్లను సులువుగా దాటేస్తుంది. అది మితిమీరితే పగిలి వాయువును వదిలేసే లోహపు బిళ్ల ఒకటి వాల్వుకు ఉంటుంది. దాని నుంచి కారు బయటికి గొట్టం వేయకపోతే ఆ వాయువంతా మనుషులు కూర్చునే చోటే నిండుతుంది.

చలి దేశాలవాళ్లు సిలిండరు వెచ్చబెట్టే హీటర్లు కొంటారు. ఇక్కడ నీడ, తడి గోనెసంచి చాలు. విదర్భ ఎండ పొడిగా ఉంటుంది కాబట్టి, ఇంటి కూలరు పనిచేసే సూత్రంతోనే సంచిలోని నీరు ఆవిరవుతూ సిలిండరును బాగా చల్లబరుస్తుంది.

ఇదంతా మూసిన రేసు ట్రాకు కోసమే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా వాహనాన్ని మార్చి రోడ్డెక్కించకూడదు. ఒత్తిడి సిలిండర్లకు వేరే నియమాలున్నాయి, వాటిని చూసే పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ప్రధాన కార్యాలయం నాగపూర్‌లోనే ఉంది. ఈ వాయువును సరదాకు పీల్చేవాళ్లూ ఉన్నారు. అది ఒంట్లోని బి12 విటమిన్‌ను పనికిరాకుండా చేసి నరాలను దెబ్బతీస్తుంది.

ట్రాకు మీదైనా ప్రతి పరుగు తర్వాత ప్లగ్గులు విప్పి చూడాలి. పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే ఫరవాలేదు. సున్నంలా తెల్లబడితే పెట్రోలు జెట్ పెంచాలి. దాని మీద మెరిసే సన్నని చుక్కలు కనిపిస్తే అవి పిస్టన్ నుంచి ఊడివచ్చిన అల్యూమినియం. సిలిండరు వాల్వు బిగించి, కారును ట్రక్కు మీద ఇంటికి తెచ్చుకోవాలి.