కొల్లేటి గట్టు మీద తూనీగలు: అపోహలు - వాస్తవాలు

అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్ జాబితాలో 2002 నుంచి ఉన్న కొల్లేరుకు పేరు తెచ్చింది పక్షులే. అక్కడి ఆటపాక పక్షుల కేంద్రానికి వచ్చేవాళ్ల చూపంతా గూడబాతుల మీదే ఉంటుంది. గట్టు పక్కన తుంగ మీద వాలిన తూనీగల్ని గమనించే కొద్దిమంది దగ్గర నేను తరచూ వినేవి ఇవి.

అపోహ: రంగు చూస్తే జాతి తెలిసిపోతుంది.

వాస్తవం: మొదట్లో నేనూ ఇలాగే బోల్తాపడ్డాను. ఎర్రదాన్ని ఒక జాతిగా, పసుపుదాన్ని ఇంకో జాతిగా నోట్‌బుక్‌లో రాసేసుకున్నా. కాసేపటికి చూస్తే, పసుపుది పొట్ట కొసను నీళ్లకు తాకిస్తూ గుడ్లు పెడుతోంది, ఎర్రది దాని నెత్తి మీదే ఎగురుతూ కాపలా కాస్తోంది. ఆలుమగలు! రెండూ క్రోకోథెమిస్ సెర్విలియానే. పైగా రెక్కలొచ్చిన కొత్తలో మగది కూడా పసుపుగానే ఉంటుంది, ముదిరాకే ఎరుపెక్కుతుంది.

మరి ఏం చూడాలి? మనం తోక అనేది నిజానికి పొట్ట. దాని వీపు వైపు నడిమధ్యన పొడవునా సన్నటి నల్ల గీత ఉంటే క్రోకోథెమిస్ సెర్విలియానే. గీత లేకుండా చివర్లో నల్ల మచ్చలుంటే యూరోథెమిస్ సిగ్నాటా. గులాబీ కలిసిన ఎరుపైతే ట్రైథెమిస్ అరోరా మగది కావచ్చు. అందుకే పైనుంచి ఒక ఫోటో, పక్కనుంచి ఒకటి తీయమంటాను.

అపోహ: సన్నవి పిల్లలు, పెద్దవి తల్లులు.

వాస్తవం: రెక్కలొచ్చాక తూనీగ పెరగదు. పెరగడమంతా నీళ్లలో పురుగుగా ఉన్నప్పుడే. సూదిలా సన్నగా, రెక్కలు వీపు మీద ముడుచుకుని వాలేవి వేరే వర్గం, డామ్‌సెల్‌ఫ్లైలు. వాటిలో లెస్టెస్ రకాలు మాత్రం రెక్కలు సగం విప్పి కూర్చుని కొత్తవాళ్లను తికమక పెడతాయి.

అపోహ: కుడతాయి.

వాస్తవం: ముల్లే లేదు. వేళ్లతో గట్టిగా పట్టుకుంటే కొరకొచ్చు. దారం కట్టి ఎగరేసిన చేతులకు ఆ మాత్రం శాస్తి జరగాల్సిందే.

అపోహ: తూనీగలుంటే నీళ్లు శుభ్రంగా ఉన్నట్టే.

వాస్తవం: ఏ తూనీగో చూడాలి. నారింజ రంగు రెక్కల బ్రాకిథెమిస్ కంటామినాటా మురుగుకాలువ పక్కన కూడా హాయిగా బతుకుతుంది. అదొక్కటే గుంపులుగా కనిపిస్తే నాకు టెన్షనే, ముందు ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతుకుతా.

అపోహ: వానాకాలం గుంపులుగా తిరిగేవన్నీ ఈ నీళ్లలో పుట్టినవే.

వాస్తవం: అవి చాలావరకు పాంటాలా ఫ్లావెసెన్స్, సముద్రాలు దాటే బాటసారి. గంటలతరబడి గాల్లోనే ఉంటుంది కాబట్టి ఓపిక పట్టాలి. వాలినప్పుడు మాత్రం గుర్తుపట్టడం తేలిక: పుల్లకు నిలువుగా వేలాడుతుంది.