సీసా మీది నంబరు, కాగితం మీది నంబరు

బెంగళూరు

చిరంజీవులకు ఆశీస్సులు.

అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడ ఎమ్మెస్సీ మెడికల్ బయోకెమిస్ట్రీ చదువుతున్న పిల్లలంతా ప్రాజెక్టు అనగానే మిషన్ గురించి బెంగపడతారు. మిషన్ తన పని తాను చేసుకుపోతుంది. ప్రాజెక్టు చెడేది దానికి ముందే: ప్రశ్న దగ్గర, రక్తం తీసే బల్ల దగ్గర, చిన్న సీసా మీద రాసిన నంబరు దగ్గర.

ఒక్క ఉదాహరణ తీసుకుని చెబుతాను. ‘షుగర్ రోగుల్లో మెగ్నీషియం’ అన్నది పేరే కానీ ప్రశ్న కాదు. ‘రెండో రకం షుగర్ ఉండి మాత్రలతోనే గడుపుతున్న 30–60 ఏళ్ళ వాళ్ళలో సీరమ్ మెగ్నీషియం, అదే వయసు ఆరోగ్యవంతులకన్నా తక్కువగా ఉందా? ఉంటే ఇన్సులిన్ నిరోధకతతో దానికి పొత్తు ఉందా?’ ఇదీ ప్రశ్న (సీరమ్ అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు; ఇన్సులిన్ నిరోధకత అంటే ఇన్సులిన్ ఉన్నా ఒళ్ళు దానికి సరిగా లొంగకపోవడం). ఎవరిని వదిలెయ్యాలో ఇందులోంచే తేలుతుంది. ఇన్సులిన్ సూది వేసుకునేవాళ్ళు వద్దు. మీరు కొలిచేది వాళ్ళ ఒంట్లో పుట్టిన ఇన్సులిన్ కాదు. కిడ్నీ జబ్బు, తాగుడు, విడవని విరేచనాలు, నీరు తీసే మాత్రలు, గ్యాస్‌కని ఏళ్ళ తరబడి మింగే పాంటాప్రజోల్, ఇవన్నీ మెగ్నీషియాన్ని కదిలిస్తాయి. మాత్రల పేరు అడిగితే ‘తెల్ల బిళ్ళ’ అంటారు. అట్టలు తెచ్చి చూపించమనండి.

ఎంతమంది కావాలి? ‘యాభై యాభై తీసుకో’ అన్న మాట మీద నడవకండి. పాత పరిశోధనల్లో ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) డెసీలీటరుకి 0.3 మిల్లీగ్రాములు ఉందనుకోండి, మీరు పట్టుకోవాలనుకున్న తేడా 0.2. 80 శాతం పవర్‌కి, అంటే తేడా నిజంగా ఉంటే నూటికి 80 సార్లు దొరికేలా, సూత్రంలో వాడే 7.84ని రెండుతో, 0.3 వర్గంతో గుణించి, 0.2 వర్గంతో భాగించండి. 35.28 వస్తుంది, అంటే గుంపుకి 36 మంది. పదో వంతు పాడవుతాయని లెక్క వేసుకుంటే 40. అదే 0.1 తేడా పట్టుకోవాలంటే 142 మంది కావాలి. తేడా సగమైతే మనుషులు నాలుగింతలు. ఇది ముందే తెలిస్తే, మీకున్న నెలల్లో అయ్యే ప్రశ్నే ఎంచుకుంటారు.

ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రాకముందు ఒక్క చుక్క కూడా తియ్యకూడదు. తరవాత తెచ్చుకోవచ్చులే అనుకుంటే కుదరదు, గడిచిపోయినదానికి అనుమతి ఇవ్వరు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు ఒకసారి మొత్తం చదవండి. సమ్మతి పత్రం దగ్గర బెంగళూరుకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఓపీ వరసలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామందే ఉంటారు, కానీ ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళకి చదవడం కన్నడమే వస్తుంది. తెలుగు కాగితం చేతిలో పెడితే మొహమాటానికి సంతకం పెట్టేస్తారు. కన్నడ పత్రం ఇచ్చి, విషయం తెలుగులో విప్పి చెప్పండి. అసలు చదవడమే రానివారికి, మీ ప్రాజెక్టుతో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. ‘మధుమేహం’ అని రాయకండి, ‘షుగర్ జబ్బు’ అనండి. ‘10 మి.లీ.’ అని ఊరుకోకుండా ‘రెండు టీ స్పూన్లంత నెత్తురు’ అని కూడా రాయండి. ‘కాదంటే మీ వైద్యానికేమీ లోటు రాదు’ అన్న వాక్యం నోటితో కూడా చెప్పండి, ఎందుకంటే పేదవాడికి ఆ భయమే ఎక్కువ.

ఇక రక్తం. ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. మెగ్నీషియానికి, ఇన్సులిన్‌కి ఎర్రమూత ట్యూబు, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీకి ఊదామూత, గ్లూకోజుకి బూడిదమూత; నింపేది కూడా ఇదే వరసలో. ఊదామూత ట్యూబులో రక్తాన్ని గడ్డకట్టనివ్వని ఈడీటీఏ మెగ్నీషియాన్ని, కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. దాన్ని ముందు నింపి, అందులోది ఓ చుక్క ఎర్రమూతలోకి పోయినా లేని లోపం కనబడుతుంది. దీనికి ఎదురుది హీమోలైసిస్, అంటే ఎర్రకణాలు పగలడం. ఎర్రకణాల్లో మెగ్నీషియం సీరమ్‌కన్నా దాదాపు మూడింతలు, అవి పగిలితే అంకె పైకి పోతుంది, ఇన్సులినేమో కిందికి. స్పిరిట్ ఆరకముందే గుచ్చినా, సిరంజిలోంచి సూదితోనే బలంగా ట్యూబులోకి నెట్టినా కణాలు పగులుతాయి. సీరమ్ గులాబీ రంగులో ఉంటే పక్కన పెట్టి, పెట్టినట్టు రాయండి.

ఎర్రమూత ట్యూబుని 30 నిమిషాలు కదపకుండా గడ్డకట్టనివ్వాలి. తొందరపడి సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పి సీరమ్‌ని వేరుచేసే మిషన్) తిప్పితే సీరమ్‌లో సన్నటి ఫైబ్రిన్ దారాలు మిగిలి, మిషన్ పీల్చే గొట్టానికి అడ్డం పడతాయి. అలాగని గంటలకొద్దీ వదిలేసినా తప్పే. వేరుచేయని రక్తంలో గ్లూకోజు గంటకి 5 నుంచి 7 శాతం తరుగుతుంది. బూడిదమూత ట్యూబులో ఈ తరుగుని ఆపే ఫ్లోరైడ్ ఉందికదా అని ధీమా వద్దు, అది పూర్తిగా పట్టు బిగించేసరికి గంట దాటుతుంది. ఈ గ్లూకోజునే ఇన్సులిన్‌తో గుణించి 405తో భాగించి నిరోధకత లెక్కకడతారు కాబట్టి, ఇక్కడి తప్పు అక్కడికీ పాకుతుంది.

సీరమ్‌ని మూడు చిన్న సీసాల్లో పంచి దాచండి. ఒకే సీసాని మాటిమాటికీ కరిగించి గడ్డకట్టించకూడదు. నంబరు మూత మీద మాత్రం రాసి వదలకండి, నాలుగు మూతలు తీసి బల్ల మీద పెడితే ఏది దేనిదో ఎవరికీ తెలియదు. సీసా ఒంటి మీద, చలికి ఊడని లేబుల్ మీద రాయాలి. మామూలు టేపు డీప్ ఫ్రీజర్‌లో మంచుపట్టి ఊడొస్తుంది. పేరు రాయకూడదు, కోడ్ మాత్రమే. ఏ కోడ్ ఎవరిదో చెప్పే జాబితా వేరే తాళంలో ఉండాలి.

ఇన్సులిన్‌ని కొలిచే ఎలీసా కిట్ పళ్ళెంలో 96 గుంతలు. ఎనిమిది స్టాండర్డ్లు (ఎంత ఇన్సులిన్ ఉందో ముందే తెలిసినవి), రెండు కంట్రోళ్ళు (కొలత సరిగా వస్తోందో చూసేవి) రెండేసి గుంతల్లో పోస్తే 20 పోయాయి. మిగిలిన 76లో జంటలుగా 38 మందే పడతారు. మీ 80 మందికి రెండు కిట్లు చాలవు, నలుగురు మిగిలిపోతారు. కిట్లకి డబ్బు కట్టకముందే ఈ లెక్క చూసుకోండి. ఇంకొక్కటి, షుగర్ వాళ్ళని ఒక పళ్ళెంలో, ఆరోగ్యవంతుల్ని ఇంకో పళ్ళెంలో ఎప్పుడూ పెట్టకండి. పళ్ళేల మధ్య తేడా జబ్బు తేడాలా కనిపిస్తుంది, దాన్ని ఏ గణాంకమూ తరవాత విడదీయలేదు. కలిపి పెట్టండి.

అందరి అంకెలూ ఎక్కించే మాస్టర్ షీట్‌లో ఒక మనిషికి ఒక వరస. తెలియని వయసుకి 99 అని కొట్టి మరిచిపోతే సగటే మారిపోతుంది, ఖాళీగా వదలండి. ఇన్సులిన్ అంకెలు తరచు ఒకవైపు సాగి ఉంటాయి. అప్పుడు సగటు బదులు మీడియన్ (వరసగా పేరిస్తే నడిమి అంకె) ఇచ్చి, రెండు గుంపుల్ని పోల్చడానికి మాన్–విట్నీ పరీక్ష వాడండి.

రాసేటప్పుడు ఒక్క మాట దగ్గర జాగ్రత్త. ‘మెగ్నీషియం తగ్గడం వల్ల షుగర్ వచ్చింది’ అనకండి. చక్కెర మూత్రంలో పోతున్నప్పుడు మెగ్నీషియం కూడా దానితో పోతుంది. ఒక్కసారి తీసిన రక్తం ఏది ముందో చెప్పలేదు. తేడా రాకపోతే రాలేదనే రాయండి, అదీ ఫలితమే. నకలు విషయంలో యూజీసీ 2018 నియమాల ప్రకారం పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. పద్ధతుల అధ్యాయం రక్తం తీస్తున్న నెలల్లోనే రాసేసుకోండి, ఆరు నెలల తరవాత సెంట్రిఫ్యూజ్ ఎన్ని నిమిషాలు తిప్పారో ఎవరికీ గుర్తుండదు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు